సముద్రపు సత్రం మీద మా అత్తగారి మాట

ఇప్పటివాళ్లు ఏ ఊరు వెళ్లొచ్చినా ఒకటే మాట, బాగుందంటారు. పూరీ బాగుంది, భీమిలి బాగుంది, రైలు స్టేషన్లో అమ్మిన ఉడుకునీళ్ల కాఫీ కూడా బాగుందే. ఏం బాగుందర్రా అని అడిగితే మొహాలు తేలేస్తారు. మా అత్తగారు ఉండి ఉంటే వీళ్లందరికీ గడ్డి పెట్టేవారు. ఆవిడ కాశీ నుంచి కోటిపల్లి దాకా సత్రాలన్నీ చూసిన మనిషి. ఎక్కడ నీళ్లు మంచివి, ఎక్కడ వంటవాడు పప్పులో నీళ్లు కలుపుతాడు, ఎక్కడ నల్లులు మనిషిని మోసుకుపోతాయి, అన్నీ నాలిక మీద ఉండేవి. పాలకొల్లు చుట్టుపక్కల ఎవరు యాత్రకి బయల్దేరినా ముందు మా అరుగెక్కి, ఎక్కడ దిగితే మంచిదండీ అని అడిగి వెళ్లేవారు. అంతటి మనిషీ, నేను చెప్పబోయే ఈ సంగతి జరిగేదాకా, ఒక్క సత్రాన్నిగాని, ఒక్క వంటనిగాని, ఒక్క మనిషినిగాని బాగుందని నోరారా అనలేదు.

నేను రాజమహేంద్రవరం పిల్లని. మా నాన్నగారు కోర్టు ప్లీడరు. మా పుట్టింట్లో మెచ్చుకోళ్లకి కరువు లేదు. చారు కాస్త కుదిరితే అమృతమనేవారు, జడ కాస్త బిగువుగా వేసుకుంటే రంభ అనేవారు. అలాంటి ఇంట్లో పెరిగి కాపురానికొచ్చిన కొత్తలో, ఉత్సాహం కొద్దీ ఆవపెట్టి పనసపొట్టు కూర చేశాను. అత్తగారు ఒక మారు వడ్డించుకున్నారు, ఇంకో మారు వడ్డించుకున్నారు, గిన్నె అడుగు గీకించి మరీ తిన్నారు. చెయ్యి కడుక్కుంటూ, ఎండుగడ్డి నమిలినట్టుంది అన్నారు. నేను పెరట్లో అరటిబోదెల వెనక కూచుని ఏడ్చాను. మా వారొచ్చి ఏడుపెందుకని అడిగి, సంగతి విని, నవ్వడం మొదలెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు చెప్పారాయన. అమ్మకి ఏదన్నా నచ్చితే తిడుతుంది, నచ్చకపోతే పరవాలేదంటుంది, పరవాలేదంటే నువ్వు భయపడాలి అన్నారు. ఇదెక్కడి విడ్డూరమండీ అన్నాను. దిష్టి భయం. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని ఆవిడ నమ్మకం. కంటికంటే నోరు మరీ చెడ్డదని ఇంకా గట్టి నమ్మకం. ఎంత ముద్దొస్తే అంత తిట్టేవారు. పొరుగింటికి కొత్తకోడలు వస్తే చూడ్డానికి వెళ్లి, ఏముందమ్మా, మూరెడు జడా గోరంత మొహమూ అని వచ్చేవారు. ఆ ఇంటివాళ్లు మురిసిపోయి వీధంతా చెప్పుకునేవారు, మామ్మగారికి మా పిల్ల తెగ నచ్చిందండీ అని! ఊరు ఊరంతటికీ తెలిసిన వరసే అది. నాకూ తెలిసింది, కాని తెలియడం వేరు, చెవికి సహించడం వేరు. నా వంట గడ్డి అయినన్నాళ్లూ నా కడుపు మండుతూనే ఉండేది.

ఆ ఏడు అత్తగారు మాఘమాసం నెల్లాళ్లూ సముద్రస్నానం చెయ్యాలని మొక్కుకున్నారు. మావగారు పోయి చాలాకాలమైంది. మా వారికి పాలకొల్లు బళ్లో పంతులుగిరీ, సెలవు దొరకదు. తోడు నేను వెళ్లాలి. నెల్లాళ్లు ఆవిడతో ఒంటరిగానా అని గొణుక్కుంటూనే మూటలు సర్దాను. బియ్యం, పప్పు, ఊరగాయ జాడీ, మడిబట్టల మూట వేసుకుని కాలవ పడవలో నరసాపురం వెళ్లాం. అక్కణ్నించి తెరచాప పడవలో గోదావరి మీద కిందికి పోయాం. నది వెడల్పయ్యీ వెడల్పయ్యీ రెండు గట్లూ కనపడకుండా పోయాక, అంతర్వేది ఇవతల, ఇసకమెట్ట మీద ఒంటరిగా ఒక పెంకుటిల్లు కనపడింది. అదే సత్రం.

పెనుగొండ షావుకారుగారొకరు తండ్రి పేరు చెప్పి కట్టించిన సత్రం అది. నాలుగు గదులు, సముద్రం వైపు పొడుగాటి వసారా, వెనక వంటిల్లు. చుట్టూ మొగలిపొదలు. కూతవేటు దూరంలో జాలరివాళ్ల పాకలు. ఉప్పుగాలికి తలుపు బందులు తుప్పు పట్టి, తెరిస్తే మూలిగేవి. తెల్లారేసరికి గడపల ముందు మోకాలెత్తు ఇసక పోగయ్యేది. ఆ ఇసక ఎత్తిపోసేదీ, వచ్చినవాళ్లకి వండిపెట్టేదీ అన్నీ ఒక్క జంటే. అతను కోనసీమ బ్రాహ్మణపిల్లవాడు, తుఫానులో ఇల్లూ పొలమూ పోతే ఇక్కడ చేరాడు. ఆ అమ్మాయికి నా వయసే ఉంటుంది. కడుపుతో ఉంది. అంతకుముందు రెండు కాన్పులూ దక్కలేదు. పురిటికి వెళ్దామంటే పుట్టిల్లంటూ లేదు, తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారు. ఈ సత్రమే పుట్టిల్లూ అత్తిల్లూ అనేది నవ్వుతూ.

నేను ఆ తరవాత చాలా చోట్ల దిగాను. గంటకో నౌకరొచ్చి సలాము కొట్టే బంగళాల్లోనూ దిగాను. అలా నన్ను చూసుకున్నవాళ్లు మరి లేరు. ఇసకలో గొయ్యి తవ్వితే తియ్యటి నీళ్లు ఊరుతాయి, చెలమ అంటారు. అతను పొద్దున్నే కొత్త చెలమ తవ్వి ఆ నీళ్లు పట్టుకొచ్చేవాడు, నిన్నటి నీళ్లు తాగనిచ్చేవాడు కాదు. మేం సముద్రంలో మునిగి వణుక్కుంటూ వచ్చేసరికి రాగి కాగులో నీళ్లు సలసలా మరుగుతూ ఉండేవి, ఒంటికి పట్టిన ఉప్పు కడుక్కోడానికి. చుట్టూ ఇసక ఎగిరే చోట, ఆ నెల్లాళ్లలో అన్నంలో ఒక్క ఇసక పలుకు మా పంటి కింద పడలేదు. ఎలాగమ్మా అంటే, గాలి ఎటు కొడితే వంట అటు మార్చుకుంటానండి అనేది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆ అమ్మాయి అడక్కుండానే ఎండకి కాగిన ఇసక గుడ్డలో మూటకట్టి తెచ్చి, బరువు ఒంటితో కింద కూలబడి, ఆవిడ మోకాళ్లకి కాపడం పెట్టేది.

ఆ నెల్లాళ్లూ నేనెవరి కోడల్నీ కాను. కొంగు బిగించి కెరటాల్లోకి దిగితే జాలరి ఆడవాళ్లు నా రెండు చేతులూ పట్టుకునేవారు, పెద్ద కెరటం వస్తే కూచోండమ్మా అనేవారు, కూచునేసరికి సముద్రం మా నెత్తిమీంచి పోయేది. ఉక్కిరిబిక్కిరైపోయి లేస్తే అందరూ పకపకా నవ్వేవారు. మధ్యాహ్నం వసారాలో చాప వేసుకుని ఆ అమ్మాయీ నేనూ గవ్వలాడేవాళ్లం. అమాయకపు మొహం పెట్టుకుని, పెద్ద గొంతుతో దబాయిస్తూ దొంగాట ఆడేది. ఇప్పుడు తలుచుకుంటే దుఃఖమొస్తుంది. అంత సుఖం మళ్లీ నాకు దొరకలేదు.

మా అత్తగారి సంగతి మరీ చోద్యం. కెరటం వచ్చి పడేస్తే చిన్నపిల్లలా కిలకిలా నవ్వారు! ఆవిడ నవ్వగా నేను అదే మొదటిసారి చూడ్డం. మోకాళ్లు పట్టుకుని మూలగడం మానేశారు. మారు అన్నం అడిగి పెట్టించుకున్నారు. ఇక తిట్లంటారా, పుంఖానుపుంఖాలు. ఇదేం సత్రమే, దెయ్యాల కొంప. ఈ చారు చూడు, కుడితిలా ఉంది. ఆ పిల్ల చూడు, గుమ్మడికాయలా దొర్లుతోంది. ఆ అమ్మాయి ఒకనాడు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, కంద బచ్చలి కూర ఎలా ఉందండీ మామ్మగారూ అని ఆశగా అడిగింది. ఏడిసినట్టుంది అని లేచి వెళ్లిపోయారు. ఆ పిల్ల మొహం ఇంతయిపోయింది.

నాకు ఆగలేదు. గదిలోకెళ్లి, అది కాదండీ అత్తయ్యగారూ, పాపం వాళ్లకి మీ వరస తెలీదు, నేను చెప్పేస్తానండీ అన్నాను. ఆవిడ గభాల్న నా నోరు మూశారు. చెబితే పొగిడినట్టేగా, దాని కడుపు మీద ఒట్టు, ఒక్క ముక్క అన్నావంటే నేను ఊరుకోను అన్నారు. విధవముండని, నా కన్ను పడకూడదనే దానికెదురు రాకుండా తిరుగుతున్నాను, అదేమో మోకాళ్లు పట్టుకుని వదలదు, నేనేం చెయ్యను అన్నారు.  నేను మళ్లీ ఆ పిల్ల దగ్గర ఆ ఊసెత్తలేదు.

మాఘం వెళ్లింది. బయల్దేరేటప్పుడు ఆ అమ్మాయి రేవుదాకా వచ్చి నన్ను కావిలించుకుని ఏడ్చింది. అత్తగారు దాని వైపు చూడకుండా పడవెక్కి, వెనక్కి తిరక్కుండా, ఎప్పుడు పోదామా అని ఉందర్రా ఈ ఇసకలోంచి అన్నారు. పడవ మలుపు తిరిగాక కొంగు నోట్లో కుక్కుకున్నారు.

నరసాపురం రేవులో ఒక గుమాస్తా ఎదురొచ్చాడు. కొత్త మొహం, కుర్రవాడు, మా ప్రాంతపు యాస కాదు. పెనుగొండ షావుకారుగారి మనిషినండీ, సత్రం ఎలా ఉందో దిగినవాళ్లని కనుక్కుని రమ్మన్నారండీ అన్నాడు. నెల్లాళ్లూ ఉన్నవాళ్లు మీరేనట, మీ మాటంటే ఈ చుట్టుపక్కల అందరికీ గురి అట అని కూడా అన్నాడు. ఇంకేం, మా అత్తగారు ఎత్తుకున్నారు. ఏం చెప్పమంటావు నాయనా, తలుపులు మూలుగుతాయి, గడపలు ఇసకలో పూడిపోతాయి, గాలి తప్ప మరేమీ లేదు, ఆ మొగుడూ పెళ్లాలకి వంటా తెలీదు వార్పూ తెలీదు, మనుషులుండే చోటు కాదది. రేవంతా వినేలా అన్నారు. నేను వెనక నుంచి కొంగు లాగాను. ఉరిమి చూశారు. ఆ కుర్రవాడు తలూపుతూ విన్నాడు, దణ్ణం పెట్టి వెళ్లాడు. నాకు మనసులో ఏదో గుచ్చుకుంది. ఆ కొంగు ఇంకాస్త గట్టిగా లాగి ఉంటే ఏమయ్యేదో!

ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం సత్రం అబ్బాయి మా ఇంటికొచ్చాడు. ఎండకి మాడిపోయి ఉన్నాడు. అమ్మాయి ఎలా ఉందని అడిగితే నెలలు నిండాయండీ అన్నాడు. మంచినీళ్లు తాగాక నెమ్మదిగా చెప్పాడు. ఆ సత్రం ఉంచాలా, విప్పేసి ఆ కలపా పెంకూ తీసుకెళ్లి నరసాపురం రేవులో కట్టించాలా అని షావుకారుగారు ఏడాదిగా ఊగుతున్నారట. ఈ మాఘంలో దిగినవాళ్లు చెప్పినదాన్నిబట్టి తేలుద్దామనుకున్నారట. ఇప్పుడు విప్పడానికే నిశ్చయమైంది. పున్నమి వెళ్లగానే పనివాళ్లొస్తారు. నెలలు నిండినదాన్ని ఇప్పుడు ఎక్కడికి తీసుకెళ్లనండీ, ఎవరింట్లో అయినా ఓ కొట్టుగది దొరుకుతుందేమోనని ఊరూరా అడుగుతున్నాను అన్నాడు.

అంతటితో ఊరుకున్నాడా, అత్తగారి వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"మామ్మగారూ, మా వల్ల ఏం లోపం జరిగిందో చెప్పండి. రేపు ఇంకో చోట వండుకు బతకాలిగదండీ. తెలిస్తే దిద్దుకుంటాం."

ఒక్క నిష్ఠూరం లేదు ఆ గొంతులో. తిట్టినా బాగుండును. అత్తగారు మొహం స్తంభం వైపు తిప్పుకున్నారు. నేనిక ఆగలేదు, ఒట్టూ లేదు గిట్టూ లేదు, ఆవిడ వరసంతా అతని ముందు కక్కేశాను. అతను నేల చూపులు చూస్తూ విన్నాడు. అయితే మా మంచి కోరే అన్నారన్నమాట, అది చెబితే మా ఆవిడ సంతోషిస్తుందండీ, ఆ కూర సంగతి తలుచుకుని చాలా రోజులు బాధపడింది అన్నాడు. భోజనం చేసి పొమ్మంటే, పొద్దు పోతుందండీ అని మజ్జిగ మాత్రం తాగి వెళ్లిపోయాడు.

సాయంత్రం మా వారు బడి నుంచి వచ్చి విని, నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా అమ్మా అని మొదటిసారి తల్లిమీద విసుక్కున్నారు. షావుకారుగారికి నేను నచ్చజెబుతాను అన్నారు. అత్తగారు వద్దన్నారు. నా నోటితో పోయింది, నా నోటితోనే రావాలి, అమ్మాయ్, పొద్దున్నే నువ్వు నాతో రా అన్నారు. ఆ పూట ఫలహారం కూడా ముట్టలేదు.

పెనుగొండ కొంత పడవా, కొంత బండీ. దారిపొడుగునా ఆవిడ పెదవులు కదుపుతూనే ఉన్నారు. జపమేమో అనుకున్నాను. తరవాత అర్థమైంది, బాగుంది అనే మాట పలకడం నేర్చుకుంటున్నారు.

షావుకారుగారు మర్యాదస్తులు. మమ్మల్ని చూసి లేచి, పీటలు వేయించి, దూరంగా నిలబడ్డారు. వాళ్ల అమ్మగారు, ఆవిడా పెద్దావిడే, లోపలి గుమ్మం తలుపు చాటున కూచుని ఉన్నారు, తెల్లచీర అంచు కనిపిస్తోంది. అత్తగారు కూచోలేదు. నిలబడే మొదలెట్టారు. ఆ చెలమ నీళ్ల తియ్యదనం గురించి చెప్పారు. కాగులో వేడినీళ్ల గురించి చెప్పారు. ఇసకలో ఉండి ఇసక తగలని అన్నం గురించి, ధప్పళం గురించి, కంద బచ్చలి గురించి, తన మోకాళ్ల గురించి, ఆ పిల్ల చేతుల గురించి చెప్పారు. కాశీలో లేదు బాబూ అలాంటి సత్రం, వెయ్యేళ్లు మీ నాన్నగారి పేరు చెప్పుకుంటారు అన్నారు. ఒక్కొక్క మాటకీ కళ్లు మూసుకుంటున్నారు, చేదుమందు మింగుతున్నట్టు. 

షావుకారుగారు చిన్నగా నవ్వారు. పెద్దవారు, దయగలవారు, ఆ పిల్లవాడొచ్చి మీ కాళ్లమీద పడ్డాడు కాబోలండీ అన్నారు. విప్పుతామని తెలిసి ఈ వారంరోజులుగా వచ్చినవాళ్లందరూ పొగిడేవాళ్లేనండీ, కట్టించినవాడు ఎదురుగా అడిగితే బాగులేదని ఎవరంటారు, మీరు రేవులో అన్న మాట ఎవరి మొహమాటమూ లేకుండా అన్నది, దానికే నేను విలువిచ్చాను అన్నారు. పురుడయ్యాక వాళ్లకి నరసాపురంలో ఏదో దారి చూస్తానని కూడా అన్నారు. ఆయన మాటలో తప్పేం ఉంది? ఎంతటి న్యాయంగా ఉందో అంతటి గోడలా ఉంది.  అత్తగారు జన్మకొక్కసారి పొగిడితే అదీ చెల్లలేదు.

అప్పుడు తలుపు వెనక నుంచి ఆ పెద్దావిడ గొంతు వినిపించింది. మరి ముందు ఎందుకలా అన్నారమ్మా అని అడిగారు.

అత్తగారు అటు తిరిగారు. 

"నాకు మొదట ఓ మగపిల్లాడు పుట్టాడమ్మా. మూడో ఏడు నడుస్తోంది. ఓనాడు తలంటి, మొలకి గజ్జెలు కట్టి, కాటుక పెట్టి వీధరుగు మీద నిలబెట్టాను. నలుగురూ ఉన్నారు. నా కొడుకంతటి అందగాడు ఈ గోదావరి రెండు గట్లమీదా లేడన్నాను. నవ్వుతూ అన్నాను. వాడూ నవ్వాడు. ఆ వారం తిరక్కుండా జ్వరమొచ్చి పోయాడు. ఎవరి కళ్లో కాదమ్మా, నా నోరే. కన్నతల్లి నోరే. అది మొదలు ఈ నోటితో దేన్నీ బాగుందనలేదు. తరవాత పుట్టినవాణ్ని కూడా అనలేదు. ఆ సత్రం పిల్ల రెండు కాన్పులు పోగొట్టుకుంది. అది నిండు కడుపుతో నా మోకాళ్ల దగ్గర కూచుంటే, ఈ ఇల్లు బాగుంది, నువ్వు బంగారం అని ఎలా అనమంటారమ్మా? ఇవాళ అన్నాను. విన్నారుగా. ఇదీ అబద్ధమే అంటే ఇక నా దగ్గరేం లేదు."

నేను కాపురానికొచ్చి అప్పటికి నాలుగేళ్లు. అత్తగారికి మొదటి కాన్పు దక్కలేదని మాత్రమే విన్నాను. ఆ రోజుల్లో ఏ ఇంట్లో దక్కాయి గనక, నేనూ ఆ మాట పట్టించుకోలేదు. ఆవిడ తిట్లకి నేను పడ్డ కడుపుమంటంతా ఆ క్షణాన కరిగి కళ్లలోంచి కారిపోయింది. షావుకారుగారు తల వంచుకున్నారు.

తలుపు చాటున గాజుల్లేని చెయ్యి ఒకటి గడప మీద ఆనింది. పెద్దావిడ లేచి ఇవతలికొచ్చారు. కొడుకు వైపు చూడనైనా చూడకుండా అన్నారు.

"ఒరే, ఆ సత్రం మీద ఒక్క పెంకు కదిలిందా, నేనీ ఇంట్లో అన్నం ముట్టను."

షావుకారుగారు అలాగేనమ్మా అన్నారు. అంతే, తేలిపోయింది. కాని మా అత్తగారి భయం తగ్గలేదు. పొగిడేశాను, ఇప్పుడా పిల్లకేమవుతుందో అంటారు. ఆ పెద్దావిడే అత్తగారి చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లారు. గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు తెప్పించారు. ఇద్దరు ముసలమ్మలూ సముద్రం ఎటుందో నన్నడిగి, దక్షిణం దిక్కుగా తిరిగి, అంత దూరాన ఉన్న ఆ పిల్లకి గాల్లోనే మూడుమార్లు దిష్టి తీసి, పొయ్యిలో వేశారు. మిరపకాయలు మాడితే ఘాటుకి దగ్గు రావాలి. రాకపోతే దిష్టి ఉన్నట్టు, అది పోయినట్టు. నాకు దగ్గు ముంచుకొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకుని చచ్చినా దగ్గలేదు. వాళ్లిద్దరూ కూడా అలాగే ఊపిరి బిగబట్టుకున్నారని నా అనుమానం.

కథ చివరిదాకా బిగబట్టి మిమ్మల్ని ఏడిపించడం నాకిష్టం లేదు, ముందే చెప్పేస్తాను. ఉగాది వెళ్లాక ఆ అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. సత్రంలోనే పురుడు, జాలరి ఆడవాళ్లే మంత్రసానులు. తల్లీ పిల్లా క్షేమం. ఆ కబురొచ్చేదాకా అత్తగారు ఒంటిపూట భోజనమే. సత్రం ఆ తరవాత చాలా ఏళ్లుంది. గోదావరి పాయ జరిగి జరిగి ఇసకమెట్టను కోసుకుపోయిన ఏడు దాన్ని కూడా తీసుకుపోయింది. ఇప్పుడక్కడ నీళ్లే.

పెనుగొండ నుంచి తిరిగొస్తున్నాం. బండి దిగి పడవెక్కాం. ఎండ వాలింది. గట్టు మీద పడవవాడు తాడు భుజాన వేసుకుని లాగుతున్నాడు.  అత్తగారు నీళ్లకేసి చూస్తూ కూచున్నారు. బడలిక కాబోలని నేనూ పలకరించలేదు. కాలవ లాకు తలుపులు దాటాక ఉన్నట్టుండి అన్నారు, వాడికి ఎడం బుగ్గ మీద సొట్ట పడేదే అమ్మాయ్ అని.

ఎవరికని అడగబోయి ఆగాను.

నవ్వితే పడేది, ఏడవబోయే ముందు కూడా పడేది అన్నారు. జుట్టు ఉంగరాలు, నూనె రాస్తే వేళ్లకి చుట్టుకునేది. రంగు మా నాన్నది, పచ్చగా, పసుపు నలిచినట్టు. కళ్లు ఎంతున్నాయంటే కాటుక పెడుతుంటే నా వేలు చాలేది కాదు. అంత అందమైన పిల్లాణ్ని నేను మళ్లీ చూళ్లేదే, ఏ తల్లి కడుపునా చూళ్లేదు. ఆవిడ గొంతు పెరిగింది. పడవవాడు గట్టు మీద నుంచి వెనక్కి తిరిగి చూశాడు. నాలుగేళ్లుగా ఆవిడ దగ్గర ఉండి ఉండి నాకూ ఆ భయం పట్టుకుంది కాబోలు, అలవాటు కొద్దీ చెయ్యి పట్టుకుని, గట్టిగా అనకండీ అత్తయ్యగారూ, దిష్టి తగుల్తుంది అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూశారు.

"ఇంకెవరి దిష్టి తగుల్తుందే వాడికి?"

మళ్లీ మొదలెట్టారు. వాడి మాటలు, వాడి పళ్లు, పాలబువ్వ పెడితే చేసే అల్లరి. ఇన్నేళ్లూ ఒక్కటీ మర్చిపోలేదు. మా ఊరి రేవొచ్చింది, పడవ ఆగింది, దిగండమ్మా అన్నాడు పడవవాడు. అత్తగారు లేవలేదు. కాస్త ఉండు నాయనా అన్నారు. వాడి నడక గురించి ఇంకా చెప్పలేదు.